హమాలీ పేజీలో ఒక వాక్యం

‘ఏమిటా గోల, హమాలీల్లాగా? ఇది పెద్దమనుషులుండే ఇల్లనుకుంటున్నారా, ఇంకేమన్నానా?’

ఓ పాత కథలో ఒక తండ్రి పిల్లల మీద విసుక్కుంటూ అన్న మాట ఇది. ఆ కథ ఇప్పుడెవరికీ గుర్తులేదు, ఆ తండ్రీ గుర్తులేడు. ఆయన విసుగు మాత్రం ‘అందరి నిఘంటువు’లో ‘హమాలీ’ అనే పేజీలో, అర్థం కిందనే, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఆ పదం వెతికినవాళ్లకు ముందు ‘బరువులు ఎత్తి దించే కూలీ’ అని కనబడుతుంది. ఆ కూలీ ఎటువంటివాడో చెబుతున్నట్టు వెంటనే ఈ కసురు కనబడుతుంది.

దాన్ని అక్కడ అంత శ్రద్ధగా అమర్చింది సంధ్యారాణి. సంవత్సరం బొద్దుగా, పక్కన రచయిత పేరు, పుస్తకం పేరు వాలు అక్షరాల్లో, ఆపైన పేజీ అంకె. కింది వరుసలో కాస్త లోపలికి జరిపి వాక్యం. వాక్యంలో ‘హమాలీ’ అన్నంతమేర మళ్లీ బొద్దుగా. ఒక్క చుక్క తప్పలేదు.

ఆమె తండ్రి దశరథ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ.

అమర్చేటప్పుడు మండలేదా అంటే మండింది. కానీ వాక్యం ఎంచింది వేరొకరు, తన పని దాన్ని పద్ధతిలో పెట్టడం. అడిగితే ‘నీకెందుకమ్మా అంత పట్టింపు’ అంటారు. ఎందుకో చెప్పాలంటే తండ్రి ఏం పనిచేసేవాడో చెప్పాలి. అప్పుడు అందరూ ఒకేసారి మర్యాదస్తులైపోయి, గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ తగ్గిన గొంతు వినడం కంటే ఆ కసురు నయమనిపించింది. సేవ్ నొక్కి ఊరుకుంది. అలా ఊరుకుని ఎన్నేళ్లయిందో ఆమే లెక్క పెట్టుకోలేదు.

సంధ్యారాణిది నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. ఎల్బీనగర్ వెనక సందుల్లో రెండు గదుల కిరాయి ఇల్లు. పని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు పక్క సందులో ఒక డీటీపీ సెంటర్లో. చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లన్నిటి గైడ్లూ, మోడల్ పేపర్లూ అక్కడే పేజీలకెక్కుతాయి. ఒకప్పుడు పట్టాభి అనే రిటైర్డ్ తెలుగు లెక్చరర్ తన వ్యాసాలు టైపు చేయించుకోవడానికి అక్కడికి వచ్చాడు. ఆయన రాతలో తప్పులు ఈమె మాట్లాడకుండా దిద్దేసింది. అది చూసి ఆయన, ‘మా నిఘంటువులోకి వచ్చెయ్యమ్మాయ్, నీలాంటి చెయ్యి మాకు కావాలి’ అన్నాడు. వికీ పద్ధతిలో నడిచే నిఘంటువు అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. జీతాలు లేవు, బాసులు లేరు. ఆ మాటే ఆమెకు నచ్చింది. బాసులు లేకపోయినా పుస్తకాల బీరువాలున్నవాళ్లు ఉంటారని తర్వాత తెలిసింది.

అక్కడ పదానికి అర్థం రాస్తే సరిపోదు. ఆ అర్థంలో ఆ పదం వాడిన వాక్యమొకటి, అచ్చయిన పుస్తకం నుంచి తెచ్చి కింద పెట్టాలి. మంచి ఉదాహరణ అంటే అర్థం చదవనివాడికి కూడా పదం తెలిసిపోయేది. రూలు మంచిదే. చిక్కంతా ఎవరి పుస్తకాల నుంచి అన్నదాంట్లో ఉంది. ఎవరింట్లో పుస్తకాలుంటే వాళ్లింటి వాక్యాలు వచ్చి పడతాయి. ‘ఆసుపత్రి’ పేజీలో దయగల డాక్టర్లుంటారు, ‘దవాఖాన’ పేజీలో తాగి పడిపోయినవాడు ఉంటాడు. ‘అద్దె’ పేజీలో కొత్తగా పెళ్లయిన జంట ఇల్లు వెతుక్కుంటుంది, ‘కిరాయి’ పేజీలో రౌడీ తలుపు తంతాడు. సంధ్యారాణి పొద్దున లేచి ఇంట్లో వినే మాటలన్నీ ఆ పుస్తకాల్లో దొంగల నోట, పనిమనుషుల నోట తప్ప వినబడవు. వాటన్నిటికీ ఇటాలిక్కులు సర్దింది కూడా ఆమే.

ఇది ఇలాగే నడిచిపోయేది. దశరథ ఒకరోజు అడగబట్టి ఆగింది.

మార్కెట్టు ఊరవతల బాటసింగారానికి పోయాక ఆయన కొన్నాళ్లు షేర్ ఆటోల్లో వెళ్లొచ్చాడు. మోకాళ్లు ఇక మోయలేమన్నాయి. ఇప్పుడు ఇంట్లో టీవీ ముందు కూర్చుని వార్తలు చదివే అమ్మాయిల్ని తిడుతుంటాడు. తల్లి సైదమ్మ మాత్రం ఇంకా బాటసింగారం వెళ్లి పండ్లు ఏరే పనిచేస్తోంది. ఆ సాయంత్రం ఆమె వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా కరెంటు పోయింది. టీవీ లేక తోచక దశరథ కూతురి వైపు తిరిగాడు.

“ఏందది బిడ్డా, ఎప్పుడు జూసినా ఆ ఫోన్ల తలకాయ వెట్టి కూసుంటవు?”

“నిఘంటువు నాయినా. మాటలకు అర్థాలు రాస్తున్నం.”

“తెలుగోళ్లకు తెలుగు మాటల అర్థం జెప్పుడేంది? నీకు పనిలేదా, ఆళ్లకు లేదా?”

“ఇద్దరికీ లేదు తియ్యి. నీకున్నదా?” అంది సైదమ్మ గుమ్మంలోంచి.

“నా పనున్నదా అండ్ల?” అన్నాడు దశరథ, భార్య మాట విననట్టు. “హమాలీ అని కొట్టు. ఏం రాసిండ్రో సూద్దాం.”

“నెట్ వస్తలేదు నాయినా.”

“ఇప్పటిదాంక ఒచ్చింది గద. నేనడగంగనె పోయిందా?”

తప్పలేదు. అర్థం చదివింది. ఆగింది. ‘ఇంకేదో ఉన్నదిగ కింద’ అన్నాడాయన. ఉదాహరణ కూడా చదివింది. గొంతులో ఏ రంగూ లేకుండా, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్‌లాగా చదివింది.

దశరథ నవ్వాడు. ఆ నవ్వే ఆమెను ఇబ్బంది పెట్టింది. కోప్పడితే బాగుండేది.

“నిజమే, ఒర్లినం,” అన్నాడు. “లారీ ఎనుకకొస్తుంటె ఒర్లకపోతె ఎట్ల? ఎనుకున్నోడు చక్రం కిందవడుతడు. మేం ఒర్లితెనే డ్రైవరు బ్రేకేస్తడు. గా పెద్దమనిషికి గిది ఎవ్వలు జెప్పలేదేమొ.”

“ఆయన సచ్చిపోయిండో ఏమో నాయినా, పాత కథ.”

“సావనీ. ఆయినింటికి మామిడిపండ్ల డబ్బ నడిసొచ్చిందా? హమాలీ భుజం మీదికెళ్లి దిగకుంట ఈ పట్నంల ఏ పండు ఎవ్వలింట్లకు పోలే. గిది రాయి నీ నిఘంటువుల. రాస్తవా?”

“రాస్త,” అంది సంధ్యారాణి.

ఆ ఒక్క ‘రాస్త’ ఆమె మెడకు చుట్టుకుంది.

అప్పట్లో అచ్చు ఉదాహరణతోపాటు సొంత వాక్యం కూడా రాసుకోవచ్చనే వెసులుబాటు ఉండేది. తండ్రి మాటను ఆ కసురు పక్కనే పెట్టింది. పెట్టేటప్పుడు ‘మీదికెళ్లి’ని ‘మీంచి’ చేసింది. ‘పట్నంల’ని ‘పట్నంలో’ చేసింది. ‘హమాలీ భుజం మీంచి దిగకుండా ఈ పట్నంలో ఏ పండూ ఎవరింట్లోకీ పోలేదు.’ అలా దిద్దమని ఆమెకెవరూ చెప్పలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పినట్టు, తండ్రి మాటకు ఆ పని దానంతటదే జరిగిపోయింది. ఆయన పేరు పెట్టే వీలు ఎలాగూ లేదు.

వాక్యం కొంతకాలం బతికింది. ఒకరోజు చూస్తే లేదు. కారణం పక్కన రెండు ముక్కలు: ‘ఆధారం లేదు.’ తీసింది పట్టాభి. ‘నిఘంటువు ప్రమాణం పెంచుదాం, అచ్చు ఆధారంలేని ఉదాహరణలన్నీ తొలగిద్దాం’ అని ఆయనే ప్రతిపాదన పెట్టి, ఆయనే ఉత్సాహంగా ఊడ్చేశాడు. కసురు మాత్రం చెక్కుచెదరలేదు. దానికి సంవత్సరం ఉంది, రచయిత ఉన్నాడు, పేజీ ఉంది. సంధ్యారాణే అమర్చింది కదా, వంకపెట్టడానికేం లేదు.

నిఘంటువుకు పనిచేసేవాళ్లు అప్పుడప్పుడూ ఆదివారంనాడు చైతన్యపురిలో పట్టాభి ఫ్లాట్లో కలుస్తారు. ఆయనది తెనాలి దగ్గర ఊరు. హాల్లో ఒక గోడ మొత్తం పుస్తకాలే. భార్య సూర్యప్రభ పెసరట్లు వేస్తుంది, అందుకోసం వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆ ఆదివారం సంధ్యారాణి హ్యాండ్‌బ్యాగులో ఒక కరపత్రం పెట్టుకుని వెళ్లింది. మార్కెట్టును గడ్డిఅన్నారం నుంచి తరలించినప్పుడు హమాలీల సంఘం వేసింది. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితాన్ని సైదమ్మ దేవుడి పటం వెనక నుంచి తీసిచ్చింది.

“సార్, హమాలీ పేజీలో వాక్యం తీసేశారు.”

“చూడమ్మాయ్, అది కల్పించిన వాక్యం. రేపెవడో వచ్చి వాళ్లావిడన్న మాటలన్నీ ఎక్కిస్తానంటాడు. ఏం చేద్దాం?”

“మీరైతే ఎక్కించరు లెండి, చోటు చాలదు,” అంది సూర్యప్రభ పెసరట్టు పళ్లెం పెడుతూ.

“కల్పించింది కాదు సార్,” అంది సంధ్యారాణి. ఎన్నేళ్లుగానో దాచింది నోట్లోంచి వచ్చేసింది. “మా నాన్న అన్నారు. ఆయన హమాలీ.”

అనుకున్నట్టే గది మర్యాదస్తురాలైపోయింది. పక్కనున్న బిందుమాధవి అట్టు తుంచడం ఆపింది. ఆమె ఒక కోచింగ్ సెంటర్లో తెలుగు చెబుతుంది, నిఘంటువులో సంధ్యారాణికి అందరికంటే దగ్గర. పట్టాభి గొంతు తగ్గించి, ఎంతో దయగా అడిగాడు.

“మీ నాన్నగారు ఏదైనా పుస్తకంలో అన్నారామ్మా?”

సంధ్యారాణి కరపత్రం తీసి టీపాయ్ మీద పరిచింది. “ఇది అచ్చే సార్. ఇందులో హమాలీలే మాట్లాడారు.”

ఆయన కళ్లద్దాలు పైకి జరిపి నిజంగానే శ్రద్ధగా చదివాడు. “రచయిత?”

“సంఘం.”

“సంవత్సరం వేయలేదే?”

“సమ్మెలో వేసుంటారు సార్. తేదీ గుర్తొచ్చి ఉండదు.”

“పేజీ?”

“ఒకటే కాగితం సార్. ఏ పేజీ అంటే ఏం చెప్పను?”

“ముందు, వెనక అని రాద్దామా?” అంది బిందుమాధవి.

“కరపత్రం గ్రంథం కాదమ్మా,” అన్నాడు పట్టాభి. “ఏ లైబ్రరీలోనూ దొరకదు. రేపెవరైనా సరిచూసుకోవాలంటే ఎక్కడికి పోతారు?”

“మా ఇంటికి రమ్మనండి. దేవుడి పటం వెనక ఉంటుంది.”

ఆయన నొచ్చుకున్నాడు. రూలు తను పుట్టించింది కాదన్నాడు, అందరూ ఒప్పుకున్నదన్నాడు, అచ్చయిన మంచి వాక్యం తెస్తే స్వయంగా తనే పెడతానన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఒళ్లు మండింది అందుకే. చెడ్డవాడైతే తిట్టుకుని పోవచ్చు. వెళ్లేటప్పుడు సూర్యప్రభ గుమ్మందాకా వచ్చి మెల్లగా అంది, “ఇల్లు మారినప్పుడు ఆ గోడెడు పుస్తకాలూ మూడో అంతస్తుకి మోసింది హమాలీలే సంధ్యా. లిఫ్ట్ చెడిపోయింది ఆవేళ. ఈయనేమో ‘జాగ్రత్త, జాగ్రత్త’ అని కింద నిలబడి అరిచారు.”

ఎవరు అరిచారో నిఘంటువు పేజీకి తెలియదు.

అక్కడినుంచి సంధ్యారాణి వేట మొదలైంది. సెలవు దొరికినప్పుడల్లా లైబ్రరీకి పోయింది. కుర్చీలన్నిట్లో పోటీ పరీక్షల పిల్లలే. ఎవరి గైడు వాళ్లే తెచ్చుకుని చదువుకుంటున్నారు. కథల బీరువాకు తాళం. తాళంచెవి ఉన్నాయన సెలవు. ఆయన వచ్చిన రోజు బీరువా తలుపు బిగుసుకుని రాలేదు. చివరికి వచ్చింది, దుమ్ముతో సహా. నిలబడే పేజీలు తిప్పింది. హమాలీలు దొరకలేదని కాదు, దొరికారు. ఒక నవలలో హమాలీ హీరో పెట్టె తెచ్చి పడేస్తాడు. ఇంకో నవలలో ఎక్కువ అడుగుతాడు, హీరోయిన్ తండ్రి బేరమాడతాడు. మరో కథలో గుంపుగా బీడీలు కాలుస్తూ వర్షంలో వెళ్లే అమ్మాయిని చూస్తారు. ఒక్కడంటే ఒక్కడు నోరు తెరిచి తన మాటగా ఒక వాక్యం పూర్తిచేయడు. మోసి, దించి, పేజీ దాటి వెళ్లిపోతాడు.

పేపర్లు పనికొస్తాయి కదా అని పాత పేపర్లు తిరగేసింది. ‘హమాలీల సమ్మెతో స్తంభించిన లావాదేవీలు.’ ‘హమాలీల ఆందోళన, రైతుల అవస్థలు.’ ‘హమాలీల మెరుపు సమ్మె, కుళ్లిన సరుకు.’ ఏ వార్త తెరిచినా కుళ్లిన పండు ఎంతో రాశారు, సమ్మె ఎందుకో చివరి పేరాలో ఒక ముక్కలో తేల్చేశారు. వీటిలో ఏది పెట్టినా ఇప్పుడున్న కసురుకు ఇంకో కసురు తోడవుతుంది. ఇంటికొచ్చి బ్యాగు మంచం మీద విసిరింది.

“ఏమాయె?” అన్నాడు దశరథ. “నా మాటకు జాగ దొరకలేదా?”

“ఎవ్వలు రాయలే నాయినా.”

“మేం రాయకపోతిమి, ఆళ్లెందుకు రాస్తరు? నువ్వు జర పరేషాన్ గాకు, బువ్వ తిను.”

అలా విసిగి వేసారి ఆమె దాదాపు వదిలేసిన సమయంలో, ఒక మధ్యాహ్నం బిందుమాధవి డీటీపీ సెంటర్‌కి పరిగెత్తుకొచ్చింది. చేతిలో మందపాటి గైడు. పోటీ పరీక్షల తెలుగు గైడు, ప్రసన్నకుమార్ అనే ఆయన పేరు మీద వచ్చింది. ఈ సెంటర్లో తయారైంది కాదు.

“దొరికింది సంధ్యా. నువ్వు వెతికేది నా టేబుల్ మీదే ఉంది ఇన్నాళ్లూ. ‘కింది వాక్యంలో గీత గీసిన పదానికి అర్థం రాయండి’ అని ఇచ్చాడు. చూడు ఎంత బాగుందో. నిన్ననే పేజీలో పెట్టేశాను, పట్టాభిగారు కూడా ‘చక్కని ఉదాహరణ’ అని రాశారు.”

సంధ్యారాణి చదివింది. హమాలీ భుజం మీంచి దిగకుండా ఈ పట్నంలో ఏ పండూ ఎవరింట్లోకీ పోలేదు.

ఫోన్ తీసి నిఘంటువు తెరిచింది. నిజమే. సంవత్సరం బొద్దుగా. ప్రసన్నకుమార్. గైడు పేరు వాలుగా. పేజీ అంకె. కింద, లోపలికి జరిపి, తండ్రి మాట. బిందుమాధవి పద్ధతి ఎక్కడా తప్పలేదు.

“ఇది నా వాక్యం బిందూ. మన పేజీలోంచే ఎత్తేశాడు. నేను పెట్టినప్పుడు.”

బిందుమాధవి మొహం మారింది. గైడు పేజీ ముందుకీ వెనక్కీ తిప్పింది, ఎక్కడైనా ‘అందరి నిఘంటువు సౌజన్యం’ అని ఉంటుందేమోనని. లేదు.

“అంటే మనం రాసింది ఆయన అచ్చేశాడు. ఆయన అచ్చేసింది మనం ఆధారం చేసుకున్నాం.”

“మేము పెడితే ఆధారం లేదు. దొంగ ఎత్తుకుపోయి అచ్చేసి తెస్తే ఆధారం.”

బిందుమాధవి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “ఒక్కమాట చెబుతాను, కోప్పడకు. నువ్వు నోరు విప్పకపోతే ఇది ఎవరికీ తెలీదు. వాక్యం మంచిది. రూలుకి సరిపోయింది. నీకు కావలసింది కూడా ఇదే కదా? వదిలెయ్.”

వదిలేయాలనే అనిపించింది. ఎల్బీనగర్ దాకా మెట్రోలో నిలబడి ఆ పేజీ చూస్తూనే ఉంది. ఇన్నాళ్లు కావాలనుకున్న వాక్యం కావాలనుకున్న చోట ఉంది. చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. అందులో ఆమెకు ఏళ్ల అనుభవం ఉంది.

ఇంట్లో చెప్పింది. “నీ మాట అచ్చయింది నాయినా. నిఘంటువుల మళ్ల ఎక్కింది.”

దశరథ మొహం వెలిగింది. “సూసినవా. ఎవ్వలు రాసిండ్రు?”

“ప్రసన్నకుమార్ అని. ఆయన పేరు మీదున్నది.”

“ఆయిన ఏ గేటు హమాలీ?” అన్నాడు దశరథ. మార్కెట్లో ఏ గేటు దగ్గర పనిచేసేవాడో దాన్నిబట్టే మనిషిని గుర్తుపడతారు.

“హమాలీ గాదు. గైడ్లు రాస్తడు.”

ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. “పోనీ తియ్యి. మాటైతె ఉన్నది గద. సదివెటోడు సదువుతడు. పేరుదేమున్నది.”

“పేరుదేమున్నదా?” సైదమ్మ చాట కింద పెట్టింది. “ఇన్నేండ్లు మోసినవు. పండు నీ భుజం మీద, బోర్డు కమీషన్ ఏజెంటుది. ఒక్కనాడన్న డబ్బ మీద నీ పేరు రాసిండ్రా? గది పోనీ అనుకున్నం, పండు మనది గాదు. మాట మనదేగ. అది గూడ ఇంకోని బోర్డు కింద వెట్టొస్తవా?”

“నేనేమన్న వెట్టిన్నా? నీ బిడ్డనడుగు.”

ఇద్దరూ కూతురి వైపు చూశారు. ఆమెకు ఆ క్షణంలో కోపం ప్రసన్నకుమార్ మీద రాలేదు, పట్టాభి మీదా రాలేదు. తన మీదే వచ్చింది. బోర్డు మార్చే పని ముందు మొదలుపెట్టింది తనే. ‘మీదికెళ్లి’ని ‘మీంచి’ చేసినరోజే.

మర్నాడు ఆ పేజీ వెనకుండే చర్చలో అంతా రాసింది. ఈ వాక్యం మా నాన్న దశరథది, గడ్డిఅన్నారం మార్కెట్ హమాలీ. దాన్ని భాష మార్చి ఇక్కడ పెట్టింది నేను. ఇక్కడినుంచే గైడులోకి వెళ్లింది. కాబట్టి గైడు దీనికి ఆధారం కాదు. పాత మార్పుల్లో తను పెట్టిన తేదీ, గైడు అచ్చయిన ఏడాది పక్కపక్కన చూపింది. చివర్న ఒక ప్రశ్న వేసింది: ఇది తీసేస్తే, ఆ పైనున్న కసురును కూడా తీస్తారా?

సాయంత్రానికి వాక్యం పోయింది. కారణం: ‘మూలం ఇదే నిఘంటువు, వలయాధారం.’ కింద పట్టాభి రాశాడు: ‘సంధ్యారాణిగారి నిజాయితీ అందరికీ ఆదర్శం.’ కసురు గురించి ఇంకెవరో రాశారు: ‘అది సరైన ఆధారంతో ఉంది. తొలగించే కారణం కనబడదు.’

నిజాయితీకి మెచ్చుకోలు. కసురుకు చోటు. ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది.

రెండుమూడు రోజులకు పట్టాభి ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, గోడ మొత్తం దింపి చూశాను. సూర్యప్రభ తిడుతోంది, హాల్లో నడవడానికి చోటు లేదు. హమాలీ తన మాటగా ఒక్క వాక్యం మాట్లాడిన పుస్తకం నా దగ్గర లేదు. ఇన్నాళ్లు తెలుగు చెప్పాను, లేదని కూడా తెలీదు నాకు.”

“మరి ఆ కసురు తీసెయ్యండి సార్.”

“నాకూ నచ్చలేదు. కానీ అచ్చయిన వాక్యాన్ని నచ్చలేదని తీసే రూలు లేదమ్మా. రేపు ఇంకోడు మనకు నచ్చిందాన్ని తీస్తాడు. పక్కన ఇంకొకటి పెట్టే రూలు మాత్రం ఉంది. ఒక్కటి చాలు. నువ్వు కాదు, మీవాళ్లది నువ్వు పెట్టకూడదు. ఎవరైనా బయటివాళ్లు, ఏదైనా పుస్తకం నుంచి.”

“ఏ పుస్తకం సార్?”

లైన్లో పుస్తకాలు పేర్చుతున్న చప్పుడు, సూర్యప్రభ ఏదో అంటున్న గొంతు వినిపించాయి.

సంధ్యారాణి ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్లో గైడ్లు పేజీలకెక్కిస్తూనే ఉంది. నిఘంటువూ మానలేదు. ఎవరో ఎంచిన వాక్యాలకు ఇప్పటికీ ఇటాలిక్కులు సర్దుతోంది, కాకపోతే ఇప్పుడు ముందు పక్కన ఒక ప్రశ్న పెడుతోంది: ఈ పదం బతికేది ఎవరి నోట్లో, మనం వినిపిస్తున్నది ఎవరి నోటితో? కొందరు జవాబిస్తున్నారు. ఎక్కువమంది విసుక్కుంటున్నారు. దశరథ అడగడం మానేశాడు. అడగకపోవడమే ఆమెకు ఎక్కువ బరువుగా ఉంది.

చదువుతున్న మీకు చెప్పాల్సింది ఇది. మీ ఇంట్లోనూ పుస్తకాలుంటాయి. ఒకసారి దించండి. హమాలీ, చాకలి, ఆటో డ్రైవరు, పండ్లు ఏరే ఆడమనిషి తమ మాటగా ఒక వాక్యం పూర్తిగా అన్న చోటు దొరికితే రచయిత, పుస్తకం, సంవత్సరం, పేజీ రాసుకుని మీకు తెలిసిన ఏ ఉమ్మడి నిఘంటువులోనైనా పెట్టండి. ఉదాహరణ పొట్టిగా ఉండాలని కుదించేటప్పుడు వాళ్ల మాటే తెగకుండా చూడండి, ‘మీదికెళ్లి’ని ‘మీంచి’ చేయకండి. సంఘాల్లో ఉన్నవాళ్లు కరపత్రం మీద తేదీ వేయండి, రాసినవాళ్ల పేరు వేయండి. ఏడాదికొకసారి వాటిని కలిపి కుట్టి పుస్తకం చేసి లైబ్రరీకి ఒక కాపీ ఇవ్వండి. దేవుడి పటం వెనక ఉన్నంతకాలం అది ఆధారం కాదంటున్నారు.

ఏ పుస్తకం అని సంధ్యారాణి అడిగింది కదా. దశరథ మాట, ఆయన అన్నది అన్నట్టే, ఆయన పేరుతో ఇదిగో: “హమాలీ భుజం మీదికెళ్లి దిగకుంట ఈ పట్నంల ఏ పండు ఎవ్వలింట్లకు పోలే.” ఇప్పుడిది ఈ పుస్తకంలో అచ్చయింది. ఈ పేజీ అడుగున ఒక అంకె ఉంటుంది, మొదటి పేజీల్లో సంవత్సరం ఉంటుంది. ఆమె పెట్టకూడదు, కూతురు కాబట్టి. మీరు పెట్టండి.